అంతస్తుల మీద పడిన నింద

గచ్చిబౌలి జంక్షన్‌లో సాయంత్రంపూట ఇరుక్కుపోయినవాళ్లు ముందుగా తిట్టేది ఎదురుగా కనిపించే ముప్పై నలభై అంతస్తుల మేడల్నే. ఆ కోపం క్రమంగా సిద్ధాంతమైపోయింది. ఎఫ్‌ఎస్‌ఐకి, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే నిష్పత్తికి, హద్దు లేనందువల్లే హైదరాబాద్‌కు ఈ గతి పట్టిందనీ, ఎత్తుకు కళ్లెం వేస్తే ట్రాఫిక్ దానంతటదే తగ్గుతుందనీ కాలనీ సంఘాల నుంచి సంపాదకీయాల దాకా అదే మాట. ఈ వాదన తప్పు. పైగా దీన్ని అమలు చేస్తే ఎక్కువ నష్టపోయేది కారు లేనివాళ్లు.

హద్దు తీసేసిన మాట నిజం. 2006లో జీవో 86తో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి పోయింది. 2012 నాటి జీవో 168 కూడా అదే దారిలో, స్థలం ముందున్న రోడ్డు వెడల్పునూ చుట్టూ వదిలిన ఖాళీనీ బట్టి ఎత్తుకు అనుమతి ఇస్తుంది. మరి బెంగళూరు సంగతేమిటి? అక్కడ ఎఫ్‌ఏఆర్ (ఎఫ్‌ఎస్‌ఐకే మరో పేరు) పరిమితి ఏనాటి నుంచో ఉంది. అయినా సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసులు వదిలే వేళ ఎలా ఉంటుందో అక్కడ ఉద్యోగం చేసే మనవాళ్లనెవరినైనా అడగండి. వరసగా ఆఫీసులు వెలిశాయి, మెట్రో మాత్రం వెంట రాలేదు. పరిమితి ఆ రోడ్డును కాపాడలేకపోయింది.

ఎత్తు తగ్గించినంత మాత్రాన ఉద్యోగాలు మాయమవవు. మాదాపూర్‌లో చోటు దొరకని ఆఫీసు కోకాపేటకు, అక్కడా కుదరకపోతే ఇంకా అవతలికి పోతుంది. ఉప్పల్‌లో ఉండే ఉద్యోగిని మెట్రో రాయదుర్గం దాకా తెస్తుంది. 2019లో అక్కడికి చేరిన రైలు ఆ పైన కదల్లేదు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నానక్‌రామ్‌గూడ, కోకాపేట అన్నీ దానికి ఆవలే. 2023 వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన కోకాపేట నేలకు రైలు లేదు. అంతకు ముందే, 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత నగరంలో వందల బస్సులు తగ్గించారు. ఆ ఖాళీని బైకులూ కార్లూ నింపాయి.

నిజంగా తప్పుపట్టాల్సింది అనుమతులిచ్చే కొలబద్దను. ఎదుట వెడల్పైన రోడ్డుంటే చాలు, ఆ రోడ్డు చివరి జంక్షన్‌లో ఏం జరుగుతుందో దానికి పట్టదు. నాకు అంతకన్నా పెద్ద అపరాధంగా కనిపించేది పార్కింగ్. కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం వాహనాలకు వదలాలన్నది నిబంధన. మెట్రో స్టేషన్‌కు కూతవేటు దూరంలో కూడా సెల్లార్ కింద సెల్లార్ తవ్వుతున్నారు. వెయ్యి కార్లకు చోటు కల్పిస్తే వెయ్యి కార్లూ వస్తాయి, అవన్నీ ఉదయం ఒకే వేళకు ఒకే గేటు ముందు నిలబడతాయి. అంతమంది ఉద్యోగులు రైల్లో వచ్చి నడిచి లోపలికి వెళ్తే, అదే భవనం రోడ్డుకు బరువయ్యేది కాదు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. రోడ్డు మీద వాహనాలకన్నా మనుషులకే పెద్దపీట వేయాలని జాతీయ పట్టణ రవాణా విధానం 2006లోనే చెప్పింది. మెట్రో వంటి రవాణా మార్గాలకు 500 నుంచి 800 మీటర్ల లోపల సాంద్రత పెంచమని 2017లో కేంద్రం మరో విధానం తెచ్చింది.

జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36 లాంటి చోట్ల ఇళ్ల మధ్య వీధి వ్యాపార వీధిగా మారితే అక్కడివాళ్లు పడే బాధను నేను కొట్టిపారేయను. కానీ ఆ తగాదా వీధి వినియోగాన్ని మార్చడం గురించి. రైలు పక్కన ఎత్తుగా కట్టడాన్ని ఆపితే వాళ్ల వీధికి ఒరిగేదేమీ లేదు.

స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఎంత ఎత్తైనా కట్టనివ్వండి, అక్కడ పార్కింగ్‌కు కనీస పరిమితి తీసేసి గరిష్ఠ పరిమితి పెట్టండి. రైలూ బస్సూ లేని చోట, అవి వచ్చేదాకా పెద్ద వాణిజ్య భవనాలకు అనుమతి ఆపండి. బహుళ అంతస్తుల భవనాల నుంచి మౌలిక వసతుల పేరిట ప్రభావ రుసుము వసూలవుతోంది. అందులో ఎంత బస్సులకు, బస్సుల లేన్లకు ఖర్చయిందో ఎఫ్‌ఎస్‌ఐ మీద పోరాడుతున్న ప్రతి సంఘమూ ముందుగా నిలదీయాలి.