గోడకి చొక్కా తొడగండి!

ఈసారి సినిమాకి వెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. ఇంటర్వెల్లో అందరూ సమోసాల కోసం పరుగెడతారు కదా, మీరు మాత్రం మొదటి వరస దాటి తెర దాకా వెళ్ళి దాన్ని దగ్గరగా చూడండి. (గేటు దగ్గరి కుర్రాడు కేకలేస్తే నా పేరు చెప్పకండేం!) చాలా థియేటర్లలో తెర నిండా సూదిమొనతో పొడిచినట్టు వేలకి వేలు చిల్లులు కనిపిస్తాయి. పాతదైపోయి చిరిగిందేమో అనుకునేరు! కావాలని పెట్టినవే అవి. హీరో డైలాగు హీరో నోట్లోంచే వచ్చినట్టుండాలి గదా, అంచేత మాటల స్పీకర్ని తెర వెనకాల పెడతారు. ఆ శబ్దం మన దాకా రావాలంటే తెరకి చిల్లులుండాలి. కంటికి అడ్డం, చెవికి దారి. అదన్నమాట దాని కిటుకు.

ఈ చిల్లుల పురాణం ఇప్పుడెందుకయ్యా అంటే, ఈమధ్య నాకొచ్చే ఉత్తరాల్లో కుర్రకారు అడిగేదంతా ఇంటి థియేటర్ల గురించే. ప్రొజెక్టరు కొన్నాం, స్పీకర్లు కొన్నాం, గోడలకి మోత తగ్గించే పలకలు కూడా పెడదామనుకుంటున్నాం, వాటిమీద ఏ గుడ్డ కప్పమంటారు అని. "ఏదో ఒకటి, రంగు బావుంటే చాలు" అని జవాబు రాసి పారేద్దును. కానీ కాకినాడలో నా మిత్రుడి ఇంట్లో జరిగింది చూశాక అలా రాయడానికి చెయ్యి రావడం లేదు.

మావాడి నాన్నగారు ఒకప్పుడు సినిమా హాల్లో ఆపరేటరు. కార్బన్ కడ్డీలు మండించి బొమ్మ వేసిన కాలం ఆయనది. నేను బాబాయిగారూ అని పిలుస్తాను. వయసు డెబ్బై దాటింది. చెవులు కొంచెం మందగించాయి. హాలుకి వెళ్ళి సినిమా చూడడం ఎప్పుడో మానేశారు. "అంతా గోలేరా, ఒక్క మాటా ముక్కలవదు" అనేవారు. ఊరందరికీ బొమ్మ వేసిన మనిషి బొమ్మకే దూరమైపోయాడని మావాడికి దిగులు. డాక్టరుకి చూపించి చెవికి మిషను పెట్టించాడు. మేడమీద 12 అడుగులకి 15 అడుగుల గది ఖాళీగా ఉంటే దాన్ని థియేటరు చేశాడు. గోడలకి రాతి ఉన్ని పలకలు కొట్టించాడు. పని చేసినతను వాటిమీద మెరూన్ రంగు రెక్సిన్ బిగించి, బొత్తాలు కుట్టి, మధ్యమధ్య ఇత్తడి పట్టీలు వేసి ఇచ్చాడు. చూడ్డానికి జమీందారుగారి దివాణంలా ఉంది!

మొదటి రోజు బొమ్మ వేశాం. అయిదు నిమిషాలకోసారి బాబాయిగారు పక్కకి వంగి, "ఒరే, వాడేమన్నాడ్రా?" మావాడు చెప్పడం, ఆలోగా తరవాతి డైలాగు వెళ్ళిపోవడం. అరగంట అయ్యాక ఆయన అడగడం కూడా మానేశారు. ఊరికే బొమ్మ చూస్తూ కూచున్నారు. ఆ ఊరుకోవడమే మావాడికి ముల్లులా గుచ్చుకుంది.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పుకోవాలి, విసుక్కోకండి. శబ్దం గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. స్పీకర్లోంచి వచ్చిన మాట తిన్నగా మన చెవికి చేరుతుంది. అదే మాట గోడని కొట్టుకుని, సెకనులో కొన్ని వేల వంతులు ఆలస్యంగా మళ్ళీ వస్తుంది. నాలుగు గోడలూ, నేలా, కప్పూ కలిస్తే ఒకే మాట ఎన్నిసార్లు వస్తుందో ఊహించుకోండి. స, శ, త, ప లాంటి సన్నటి హల్లుల ధ్వనులు ఈ మోతలో ముందు మునిగిపోతాయి. వయసు మీరినవాళ్ళకి ముందుగా వినపడడం మానేసేవీ ఆ సన్నటి ధ్వనులే. చెవిలో మిషను పెట్టుకున్నా లాభం అంతంత మాత్రమే, ఎందుకంటే అది మాటతోపాటు మోతనీ పెంచుతుంది.

మరి రాతి ఉన్నీ, గాజు ఉన్నీ చేసే పనేమిటి? గాలి వాటి పోగుల మధ్యకి దూరి, రాసుకుని, అందులోని శబ్దశక్తి రవ్వంత వేడిగా మారిపోతుంది. గాలి లోపలికి దూరితేనే ఈ తతంగమంతా. మీద రెక్సిన్ కప్పారనుకోండి, సన్నటి ధ్వనులు ఆ నున్నటి తోలుకి తగిలి బంతిలా వెనక్కి వచ్చేస్తాయి. లోపల వేల రూపాయల ఉన్ని ఉండీ ఏం లాభం? ఆకలేసినవాడి మూతికి గుడ్డ కట్టి ముందర విస్తరి వేసినట్టు!

ఈ సంగతి మొదట లెక్కకట్టినాయన వాలెస్ సబైన్ అనే అమెరికన్ ప్రొఫెసరు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కొత్త ఉపన్యాస మందిరం ఉండేది. అందులో మాట్లాడితే మాట అయిదున్నర సెకన్లపాటు మోగుతూనే ఉండేదిట! దాన్ని బాగుచెయ్యమని ఈ కుర్ర ప్రొఫెసరుకి అప్పగించారు. ఆయన పక్కనున్న శాండర్స్ థియేటర్లోని కుర్చీల దిళ్ళు మోయించి తెచ్చి, ఒక్కొక్క దిండు పెంచుతూ, ఆర్గన్ గొట్టం ఊది, గడియారం పట్టుకుని, మోత ఎంతసేపట్లో చచ్చిపోతోందో కొలిచాడు. అదీ రాత్రిళ్ళు, ఊరు సద్దుమణిగాక. తన ఒంటిమీది బట్టలు కూడా శబ్దాన్ని పీల్చి లెక్క తప్పిస్తున్నాయని గ్రహించి, రోజూ ఒకే రకం బట్టలు వేసుకుని కొలిచేవాడట! 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆయన లెక్కల మీదే కట్టారు.

నేను ఈ కథ చెప్పగానే బాబాయిగారు నవ్వేశారు. "దానికి ప్రొఫెసరెందుకురా? మార్నింగ్ షోకి పాతికమంది వస్తే హాలంతా గయ్యిమనేది. అదే హౌస్ ఫుల్ అయితే మాట గంటలా వినపడేది. జనం ఒంటిమీది బట్టలు శబ్దాన్ని మింగేస్తాయి. ఫస్ట్ షో నిండితే వాల్యూమ్ కాస్త పెంచేవాళ్ళం" అన్నారు. తరవాత రెక్సిన్ గోడకేసి చూసి, "వీటికి రెయిన్ కోటు తొడిగారు. చొక్కా తొడగండ్రా!" అన్నారు. అంతే, మర్నాడే ముగ్గురం బట్టల కొట్టుకి బయల్దేరాం.

కొట్లో గుడ్డని ఎలా పరీక్షించాలో వినండి. మొదటిది ఊపిరి పరీక్ష. గుడ్డని పెదాలకి ఆనించి ఊదండి. అవతల పెట్టిన అరిచేతికి గాలి సులువుగా తగిలితే అది మన గుడ్డ. బుగ్గలు ఉబ్బాయంటే వెనక్కి ఇచ్చెయ్యండి. (కొట్టువాడు మనకి పిచ్చెక్కిందనుకుంటాడు. అనుకోనివ్వండి!) రెండోది చెవి పరీక్ష. ఫోన్లో ఏదైనా పాట పెట్టి, స్పీకరు మీద గుడ్డ కప్పి, తీసి, మళ్ళీ కప్పి వినండి. కప్పినప్పుడు తాళాల చప్పుడు, స కారాలు మొద్దుబారకూడదు. మూడోది కంటి పరీక్ష. ఫోను లైటు గుడ్డ మీద ఏటవాలుగా వెయ్యండి. మెరిస్తే వద్దు. తెర మీది వెలుగు గోడమీద పడి, అక్కణ్ణించి మళ్ళీ తెరమీద పడితే, చీకటి సీన్లో నలుపు బూడిదరంగైపోతుంది. అంచేత తెర పక్క గోడలకి నలుపో, ముదురు రంగో, మెరవనిది ఏదో వాడాలి.

ఈ మూడు పరీక్షల్లో రెక్సినూ, రబ్బరు పూసిన కర్టెన్ గుడ్డా మొదటి దాంట్లోనే తప్పాయి. శాటిన్ మూడో దాంట్లో తప్పింది. వెల్వెట్ చూస్తే ముచ్చటేసింది, వెలుగుని భలేగా మింగుతుంది. కానీ సోఫాల కోసం చేసిన వెల్వెట్లలో కొన్నిటికి వెనకాల పూత ఉంటుంది, తిప్పి చూసుకోవాలి. ఖద్దరూ, గోనెగుడ్డా ఊపిరి పరీక్షలో ఫస్టు క్లాసులో పాసయ్యాయి. కానీ అవి తేమని పీలుస్తాయి. మామూలు లెక్క ప్రకారం నూలు తన బరువులో సుమారు 8.5 శాతం, జనపనార పధ్నాలుగు శాతం దాకా తేమ పట్టి ఉంచుతాయి. పాలియెస్టరు పట్టేది 0.4 శాతమే. కాకినాడలాంటి సముద్రపు ఊళ్ళో వానాకాలం వచ్చిందంటే, బిగించిన నూలు గుడ్డ కాస్తా వేలాడి బుంగమూతి పెడుతుంది. పొడి గాలి వీచే ఊళ్ళో అయితే నూలు నిక్షేపంలా పనికొస్తుంది. మేం పూత లేని, వదులు నేతగల పాలియెస్టరు కర్టెన్ గుడ్డ తీసుకున్నాం. తెర వైపుకి నలుపు, మిగతా వాటికి ముదురు గోధుమ రంగు.

ఎంత కొనాలో కూడా చెప్పేస్తాను. మా పలక 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు, 2 అంగుళాల మందం. పక్కలకి చెరో 2 అంగుళాలు, వెనక్కి మడవడానికి చెరో 2 అంగుళాలు కలిపితే ఒక్కోదానికి 32 అంగుళాలకి 56 అంగుళాల ముక్క కావాలి. గుడ్డ 44 అంగుళాల పన్నా అయినా, 54 అంగుళాల పన్నా అయినా అడ్డంగా ఒక్క ముక్కే వస్తుంది, రెండు రావు. కాబట్టి ఈ కొలతకి పెద్ద పన్నా అని ఎక్కువ డబ్బిచ్చి లాభం లేదు. ఆరు పలకలకి 336 అంగుళాలు, అంటే 8.53 మీటర్లు. తొమ్మిది మీటర్లు ఒకే తానులోంచి కోయించుకోండి. రెండోసారి వెళితే రంగులో పిసరంత తేడా వస్తుంది.

బిగించేటప్పుడు పోగు వంకరపోకుండా చూసుకోవాలి. ప్రతి వైపూ నడిమధ్యన మొదటి పిన్ను కొట్టి, అక్కణ్ణించి మూలలకేసి వెళ్ళాలి. ఉన్ని పోగులు ఒంటికి తగిలితే దురద, ఊపిరితిత్తులకీ మంచిది కాదు. మూతికి మాస్కూ, చేతులకి తొడుగులూ ఉండాల్సిందే.

గోడంతా కప్పెయ్యకండి. కూచునేచోట మీరు కూచుని, ఇంకొకరిచేత గోడ వెంట అద్దం జరిపించండి. అద్దంలో స్పీకరు ఎక్కడ కనిపిస్తే అక్కడ పలక పెట్టాలి. గదంతా ఉన్నిమయం చేస్తే పాట చచ్చిపోతుంది. ఇంకోమాట, ఈ పలకలు లోపలి మోతని తగ్గిస్తాయంతే. పక్కింటివాళ్ళ నిద్రని కాపాడవు. ఆ భారం మీ వాల్యూమ్ బటన్ మీదే ఉంది!

ఇదంతా ఒక ఎత్తు, బాబాయిగారు పెట్టిన చివరి పరీక్ష ఒక ఎత్తు. గుడ్డ కొనేముందే తలా ఒక ముక్క నమూనా అడిగి తెచ్చుకున్నాం. ఆయన పెరట్లో నీళ్ళ బకెట్టు పెట్టుకుని, ఒక్కో ముక్కని పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల గీశారు. ఖద్దరు కాగితంలా అంటుకుని, మంట ఆరినా కొసన నిప్పు రాజుకుంటూనే ఉంది. మామూలు పాలియెస్టరు ముడుచుకుని, కరిగి, మండుతూ బొట్లు బొట్లుగా కారింది. మంట ఆపే మందు పట్టించిన పాలియెస్టరు మాత్రం అగ్గిపుల్ల పక్కకి తియ్యగానే ఆరిపోయింది. మీటరుకి ధర ఎక్కువే. "నేను పనిచేసిన కాబిన్లో ఇసక బకెట్టు లేకుండా రీలు ఎక్కించలేదురా. ఒకటే తలుపున్న గది ఇది" అన్నారాయన. మావాడు మారుమాట్లాడకుండా ఖరీదైనదే తెచ్చాడు.

ఆయన భయం ఉత్తుత్తిది కాదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్లో 'బోర్డర్' ఆడుతుండగా మంటలొచ్చి 59 మంది పోయారు. చాలామందిని చంపింది పొగే. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, స్టేషన్ అనే నైట్ క్లబ్బులో బాణసంచా రవ్వలు గోడమీది ఫోముకి అంటుకున్నాయి. శబ్దం తగ్గడానికి అతికించిన ఫోము అది! నూరుమంది చనిపోయారు. ఖర్చు కలిసొస్తుందని పరుపుల ఫోమూ, కోడిగుడ్ల అట్టలూ గోడకి అంటించేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. గుడ్డ అమ్మేవాణ్ణి మంట పరీక్ష కాగితం అడగండి. కొన్ని రకాల మందు ఉతికితే పోతుంది, అదీ అడగండి. వైర్లూ, స్విచ్చి బోర్డులూ గుడ్డ వెనకాల దాచకండి. తలుపుకి అడ్డంగా సోఫా వెయ్యకండి.

ఇంతకీ చొక్కాలు తొడిగాక ఏమైందంటారా? బాబాయిగారి చెవులు కుర్రవాడి చెవులైపోలేదు. పలకలకి అంత మహిమ లేదు. కానీ మూడు గంటల పాత సినిమాలో ఆయన "వాడేమన్నాడ్రా?" అని అడిగింది రెండేసార్లు. మూడోసారి నోరు తెరిచింది హాస్యనటుడి మాటకి నవ్వడానికి, అదీ మాకంటే ముందు!

కనుక కుర్రకారూ, స్పీకరుకి లక్ష పోసేవాళ్ళు గుడ్డ దగ్గర పిసినారితనం చెయ్యకండి. ఊదండి, వినండి, వెలుగులో చూడండి, బకెట్టు పక్కన పెట్టుకుని కాల్చి చూడండి. నాలుగూ పాసైతే అప్పుడు రంగు గురించి ఇంట్లో ఎంతసేపైనా పోట్లాడుకోండి. అందులో మాత్రం నేను తలదూర్చను. ఉంటాను మరి!