మంచం ఖర్చు సరే - మందుల ఖర్చు మాటేమిటి?

పాతబస్తీ: ఇమ్లీబన్ బస్టాండులో దిగి ఉస్మానియా ఆసుపత్రికి వచ్చే పల్లె రోగికీ, నయాపూల్ దాటి అక్కడికే వచ్చే లాడ్‌బజార్ గాజుల కార్మికునికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఖర్చు ఎవరు భరిస్తారు? దారులు లేకపోలేదు. ఏ దారి ఎంతవరకు పోతుందో ముందుగా తెలియకనే చాలా కుటుంబాలు అప్పుల పాలవుతున్నాయి.

పేదలకు మొదటి ఆధారం సర్కారు దవాఖానాయే. ఉస్మానియాలోనూ, కాన్పులకు పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రిలోనూ వైద్యం ఉచితం. అయితే 2020 జులైలో వాననీరు చేరడంతో ఉస్మానియా పాత భవనాన్ని మూసివేశారు. గోషామహల్‌లో కొత్త భవనానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది.

రెండవది ఆరోగ్యశ్రీ. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఈ పథకం కింద తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు వైద్యం అందుతుంది. ఈ పరిమితిని 2023 డిసెంబరులో పెంచారు. రోగి కట్టవలసిన చందా ఏమీ లేదు. ఆపరేషన్ల వంటి పెద్ద ఖర్చుకు ఇంతకు మించిన అండ లేదు. కాని జాబితాలో ఉన్న చికిత్సలకే ఇది వర్తిస్తుంది. బకాయిలు చెల్లించలేదంటూ 2025 సెప్టెంబరులో ప్రైవేటు ఆసుపత్రులు కొద్దిరోజులు ఈ సేవలు నిలిపివేయడం గమనార్హం.

మూడవది ఇ.ఎస్.ఐ. నెలకు 15 వేలు జీతం తీసుకునే కార్మికుడు 112 రూపాయల 50 పైసలు, యజమాని 487 రూపాయల 50 పైసలు కడతారు. మందులూ, పరీక్షలే కాదు, నిబంధనల ప్రకారం చందా కట్టినవారికి జబ్బుపడిన రోజుల్లో జీతంలో నూటికి 70 వంతులు, ఏడాదికి 91 రోజుల వరకు దక్కుతుంది. కూలి పోయిన నష్టాన్ని పూడ్చేది ఇదొక్కటే. కాని ఇంట్లో కూర్చుని గాజులకు రాళ్ళు అద్దేవారికీ, ఆటో తోలేవారికీ, పొలం కూలీకీ ఇది అందని పండే.

నాలుగవది సొంతంగా కట్టుకునే బీమా. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు, కుటుంబాలు తీసుకునే ఆరోగ్య బీమాపై జి.ఎస్.టి. తీసివేశారు. అయినా ముందునుంచే ఉన్న జబ్బుకు మూడేళ్ళ వరకు ఆగవలసి రావచ్చు. జబ్బు చేశాక పాలసీ కోసం పరుగెత్తి లాభం లేదు.

ఈ దారులు చాలావరకు మంచం ఎక్కిన రోగికే. షుగరు, బి.పి. మాత్రలు నెలనెలా బయట కొనేవారి ఖర్చు, తోడు వచ్చినవారి తిండి, బస్సు ఛార్జీలు ఏ లెక్కలోకీ రావు. అక్కడే వడ్డీ వ్యాపారి ప్రవేశిస్తాడు. నూటికి మూడు రూపాయల వడ్డీకి 50 వేలు తెస్తే నెలకు 1,500, ఏడాదికి 18 వేలు వడ్డీకే పోతుంది. అసలు అలాగే ఉంటుంది.

కనుక ఊరు కదిలే ముందే రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోవాలి. డబ్బు కట్టకముందే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవాలి. పథకం వర్తించక సొంతంగా కట్టవలసి వస్తే అసలు బిల్లులు భద్రపరచాలి. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేయడానికి అవే ఆధారం. ఇక ప్రభుత్వం నెలనెలా మందులు పేదలకు దగ్గర్లోనే, కొరత లేకుండా అందేలా చూడవలసి ఉంది. లేకుంటే ఆపరేషన్ ఉచితంగా జరిగిన ఇల్లు కూడా మాత్రల అప్పుతో కుంగిపోక తప్పదు.