ఎంబీఏ పట్టా చేతికొస్తే మేనేజరైపోయినట్టేనా?

"మావాడికి ఎంబీఏ సీటొచ్చింది" అని స్వీట్లు పంచుతాం. సంతోషమే. కానీ ఆ రెండేళ్ల చదువే మంచి మేనేజర్‌ని తయారుచేస్తుందంటే మాత్రం నేనొప్పుకోను.

ఐసెట్ రాయడానికి డిగ్రీ ఉంటే చాలు. ఒక్కరోజు కూడా ఎక్కడా పనిచేసి ఉండక్కర్లేదు. బ్యాలెన్స్ షీట్ చదవడం, ధర కట్టడం, సరుకు అమ్ముకోవడం అన్నీ నేర్పుతారు. అవి పనికొచ్చేవే, కాదనను. ప్రసూతి సెలవు 26 వారాలని కూడా చెబుతారు. కానీ ఆ సెలవు అయ్యాక ఆఫీసుకొచ్చిన అమ్మాయి చంటిబిడ్డ కోసం గంట ముందు వెళ్తానని అడగలేక నలిగిపోతుంటే, తనంతట తానే గమనించి పంపడం ఏ సెమిస్టర్‌లో వస్తుందండీ?

కెనడాలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే హెన్రీ మింట్జ్‌బర్గ్ 2004లోనే దీనిమీద 'మేనేజర్స్ నాట్ ఎంబీఏస్' అని పుస్తకం రాశారు. పని అనుభవం లేనివాళ్లని క్లాసులో కూర్చోబెట్టి మేనేజర్లని చేయలేమన్నది ఆయన వాదన.

అంత దూరమెందుకు, మన హైదరాబాద్ సత్యం కంపెనీనే చూడండి. రామలింగరాజు అమెరికాలో ఎంబీఏ చేసినవారు. బోర్డులో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఒకరు, ఐఎస్‌బీ డీన్ ఒకరు. 2008 డిసెంబరులో రాజుగారి కుటుంబానికి సంబంధించిన మేటాస్ కంపెనీలను కొందామంటే, ప్రశ్నలు వేసి కూడా ఆ బోర్డు చివరికి సరేనంది. షేర్లు కొన్నవాళ్లు గగ్గోలు పెడితేగానీ వెనక్కి తగ్గలేదు. మరుసటి నెల 7న దొంగలెక్కల సంగతి రాజుగారే ఉత్తరంలో ఒప్పుకున్నారు. ఆ లెక్కలు ప్రొఫెసర్లకు ముందే తెలుసని నేననడం లేదు. కానీ మేటాస్ విషయంలో "వద్దు" అనడానికి వాళ్లకి తక్కువైంది చదువు మాత్రం కాదు కదా!

పదిమంది మంచీచెడూ నెత్తినేసుకున్నప్పుడు, తన తప్పుకి ఎదుటివాళ్లు నష్టపోవడం కళ్లారా చూసినప్పుడు వచ్చే బుద్ధి అది. ఫీజు కడితే రాదు.

అందుకే నగలు తాకట్టు పెట్టేముందు ఒక్కసారి ఆగండి. పిల్లల్ని రెండు మూడేళ్లు ఎక్కడైనా పనిచేయనివ్వండి. ఒకరి కింద మాటపడనివ్వండి, జీతం రోజు కోసం ఎదురుచూడనివ్వండి. ఆ తర్వాత చదివితే పాఠంలో మనుషులు కనబడతారు. ఇప్పుడే పంపిస్తే మార్కులే కనబడతాయి. రేపు వాళ్ల కింద పనిచేసేది మన ఇంటి ఆడపిల్లలే, మర్చిపోకండి.