బుద్ధుడికి బ్యాక్ డేట్ వద్దు

ఎక్కడో పాత స్టాంపు కాగితం సంపాదించి, మూడేళ్ల కిందటి తేదీ వేసి, ఈ రోజు సంతకాలు చేయించడాన్ని రిజిస్ట్రారు ఆఫీసుల దగ్గర 'బ్యాక్ డేట్ వేయడం' అంటారు. 'ముందు తేదీ' అంటే తెలుగులో తికమక. 'నిన్నటికి ముందు' అంటే గడిచినది, 'ముందు ముందు' అంటే రాబోయేది. కాబట్టి 'వెనకటి తేదీ వేయడం' అందాం. కొత్త ఆధారం దొరికి ఒక వస్తువు అనుకున్నదానికంటే పాతదని తేల్చినా ఇదే మాట, కావలసిన తేదీ ముందే ఖాయం చేసుకుని అడ్డొచ్చిన ఆధారాన్ని నెట్టేసినా ఇదే మాట. మోసానికి సందు అక్కడే దొరుకుతోంది.

విజయవాడకు చెందిన కోట వెంకటాచలం గారు పురాణాల లెక్కతో బుద్ధుడి పరినిర్వాణాన్ని క్రీ.పూ. 1807కు జరిపారు. అలెగ్జాండరు కాలపు సాండ్రకోటస్ మౌర్యుడు కాడు, గుప్తవంశపు చంద్రగుప్తుడు అన్నారు. ఆయనను మౌర్యుడిగా గుర్తించినట్టు 1793లో ఈ కలకత్తాలోనే ప్రకటించినవాడు విలియం జోన్స్. ఆయన తెల్లదొరల జడ్జి, అనుమానించండి, తప్పులేదు. మరి అశోకుడి పదమూడవ శాసనాన్ని ఏం చేస్తారు? 1837లో ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించాక చదవగలిగిన ఆ రాతల్లో అంతియోక, తురమాయ, అంతెకిన, మక, అలికసుదర అని అయిదుగురు రాజుల పేర్లున్నాయి. ఆ గ్రీకు రాజుల కాలం వాళ్ల చరిత్రల్లో, నాణేల్లో విడిగా ఉంది. అయిదుగురూ ఒకేసారి బతికున్నది క్రీ.పూ. మూడవ శతాబ్దం నడుమ.

మనవాళ్లలో కొందరు ఈ పాత తేదీ చూసి మురిసిపోతున్నారు. బుద్ధుడు ఇంకో పదమూడు వందల ఏళ్లు పాతవాడైతే మనకు మంచిదే కదా అని! ఇచ్చేవాడు బదులుగా ఏం పట్టుకుపోతున్నాడో చూడరా? రాయి అబద్ధం, పురాణం నిజం అని ఒప్పుకుంటేనే ఆ ఏళ్లు వస్తాయి. రేపు భట్టిప్రోలు ధాతుకరండం మీది అక్షరాలకు, అమరావతి దాతల పేర్లకు విలువ ఏముంటుంది?

పాత సాక్ష్య చట్టం 90వ సెక్షన్ ముప్పై ఏళ్ల దస్తావేజును కొంత నమ్మనిచ్చేది. కానీ అది ఉండవలసిన చోటి నుంచే రావలసి ఉండేది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్న బండలు చెక్కిన చోటే ఉన్నాయి. తరతరాలుగా తిరగరాసిన తాళపత్రానికి ఆ భాగ్యం లేదు.

మన ఇంటి లెక్కా చూసుకోవాలి. 1956లో జరిపిన 2500వ బుద్ధజయంతి క్రీ.పూ. 544 నుంచి లెక్కించినది. చరిత్రకారుల్లో చాలామంది 483 దగ్గర, కొందరు 400 దగ్గర ఆగుతారు. అందువల్ల ఆ ఏడు అక్టోబరు 14న నాగపూర్‌లో తీసుకున్న దీక్షకు ఏం తగ్గింది?

పార్క్ స్ట్రీట్‌లో ఏషియాటిక్ సొసైటీకి వెళ్తే బైరాట్ రాయి కనిపిస్తుంది. ఏడు ధర్మ పాఠాల పేర్లు చెప్పి, భిక్షువులూ భిక్షుణులూ ఉపాసకులూ ఉపాసికలూ వాటిని మళ్లీ మళ్లీ వినాలని అశోకుడు కోరాడు. దాని మీద ఏ ఏడని లేదు. మన కరపత్రాలు అచ్చువేసే మిత్రులు, బుద్ధుడి కాలం పక్కన 'సుమారు' అన్న మాటను దయచేసి కొట్టేయకండి.