బొమ్మా? బొమ్మ తాలూకు రసీదా?

పోయిన నెల మా జుబైల్ తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక చెల్లెలు అడిగింది. తను కాన్వాసు మీద వేసిన మెలికల ముగ్గులు చూసి ఎవరో ఎన్ఎఫ్‌టీగా కొంటామని మెసేజ్ పెట్టారట. ఒక్కోదానికి రెండు ఈథర్లట. ముందు మాత్రం తనే 'మింటింగ్ ఫీజు' కట్టాలట. "కట్టమంటారా అక్కా?"

వద్దన్నాను. ఎందుకో ఫోనులో టైపు చేసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

ఎన్ఎఫ్‌టీ అంటే నాన్ ఫంజిబుల్ టోకెన్. పది రియాళ్ళ నోటు ఇచ్చి ఇంకో పది రియాళ్ళ నోటు తీసుకుంటే మనకేం తేడా లేదు. అమ్మమ్మ కాసులపేరు ఇచ్చేసి అదే బరువుది ఇంకోటి తీసుకోమంటే? ఒప్పుకోం కదా! అలా దేనికదే అయినదాన్ని నాన్ ఫంజిబుల్ అంటారు. కంప్యూటర్లో బొమ్మకి ఆ గుణం లేదు, ఎన్ని కాపీలు తీసినా అన్నీ ఒకటే. అందుకని దాని పేరిట ఒక టోకెన్ పుట్టించి, అది ఫలానావారిదని బ్లాక్‌చెయిన్‌లో నమోదు చేస్తారు. అదొక ఉమ్మడి ఖాతాపుస్తకం. వేల కంప్యూటర్లలో ఉంటుంది కాబట్టి దిద్దడం మహా కష్టం.

అసలు సంగతి ఏమిటంటే, ఆ పుస్తకంలో చాలాసార్లు బొమ్మ ఉండదు. బొమ్మ ఎక్కడుందో చెప్పే చిరునామా ఉంటుంది. అక్కడి సర్వర్ మూతపడితే రసీదు మిగులుతుంది, బొమ్మ పోతుంది. పైగా రాయించినవారు నిజంగా ఆ బొమ్మ వేశారా అని పుస్తకం అడగదు. మీ ముగ్గుని ఎవరో డౌన్‌లోడ్ చేసి తమ పేరిట రాయించుకోవచ్చు. కాపీరైటు వేరే సంగతి, టోకెన్‌తో పాటు అది దానంతటది చేతులు మారదు.

కొనేవాడు డబ్బివ్వాలి గానీ అమ్మేవాళ్ళని ఫీజు అడగడమేమిటి? ఇది బాగా నలిగిన మోసం. వాలెట్ రహస్య పదాలు అడిగితే ఇక చెప్పేదే లేదు.

అలాగని అంతా బూటకం కాదు. 2021 మార్చిలో క్రిస్టీస్ వేలంలో బీపుల్ అనే అమెరికన్ చిత్రకారుడి ఎన్ఎఫ్‌టీ 6.93 కోట్ల డాలర్లు పలికింది. కొన్నది సింగపూర్‌లో ఉంటున్న తమిళుడు, విఘ్నేష్ సుందరేశన్. అదే నెల ట్విటర్ స్థాపకుడు జాక్ డోర్సీ మొదటి ట్వీట్ 29 లక్షల డాలర్లకు పోయింది. ఏడాది తర్వాత మళ్ళీ అమ్మకానికి పెడితే మొదట్లో వచ్చిన బేరాలు కొన్ని వందల డాలర్లే. మళ్ళీ అమ్మిన ప్రతిసారీ చిత్రకారులకి వాటా వస్తుందని ఊరించేవారు. పెద్ద అంగడి ఓపెన్‌సీ 2023లో అది తప్పనిసరి కాదనేసింది.

నాకు తెగని ప్రశ్న ఇంకొకటుంది. ఇక్కడి అసీర్ ఆడవాళ్ళు ఇంటి లోపలి గోడలమీద వేసే అల్ ఖత్ బొమ్మలకి 2017లో యునెస్కో గుర్తింపు వచ్చింది. తరతరాలుగా తల్లి చేతిలోంచి కూతురి చేతిలోకి వచ్చిన గీతలవి, అచ్చం మన ముగ్గుల్లాగే. వాటిని ఎవరి పేరిట రాయిస్తారు?

డబ్బు విషయం కూడా చూసుకోండి. వర్చువల్ కరెన్సీలకి ఈ రాజ్యంలో అనుమతి లేదని సౌదీ అధికారుల సంఘం 2018 ఆగస్టులోనే హెచ్చరించింది. మనదేశంలో 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటివాటి లాభంమీద 30 శాతం పన్ను. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసెయ్యనివ్వరు కూడా.