పుష్కరాల గురుడు, పదవి పోయిన ప్లూటో

పటమట పిల్లలకు, మీ లెక్కల మాష్టారు ఆశీర్వదించి రాసేది.

గ్రహాలెన్నంటే ఎనిమిదని తడుముకోకుండా చెప్తారు మీరు. సూర్యుడి దగ్గర్నుంచి వరస కూడా అప్పజెప్తారు. వాటిలో ఒక్కదాన్ని ఆకాశంలో చూపించమంటే మాత్రం దిక్కులు చూస్తారు. మీ తప్పేం లేదు. పరీక్షలో ఎవరూ ఆకాశం చూపించి అడగరు కదా.

అయితే మన ఊరు ఒక గ్రహాన్ని తరతరాలుగా కనిపెట్టుకునే ఉంది. గురుడు కన్యారాశిలో అడుగుపెడితే కృష్ణకు పుష్కరాలు. 2004లో వచ్చాయి. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా వచ్చాయి, అప్పటికి మీరు చాలా చిన్నవాళ్లు. మళ్లీ 2028లో వస్తాయి. పన్నెండేళ్లకోసారే ఎందుకో ఎవరైనా చెప్పారా? గురుడు సూర్యుణ్ణి ఒకసారి చుట్టిరావడానికి దాదాపు అంతకాలం పడుతుంది. రాశులు పన్నెండు, ఏడాదికి ఒకటి చొప్పున దాటుతాడు. దాటినప్పుడల్లా ఒక నదికి పుష్కరం.

ఇందులో చిన్న పేచీ ఉంది. గురుడి చుట్టుకు పట్టేది నిండా పన్నెండేళ్లు కాదు, 11.86 ఏళ్లు. అంటే చుట్టుకు యాభై రోజుల చిల్లర మిగులుతుంది. ఏడు చుట్లకు ఎనభై నాలుగేళ్లు పట్టాల్సింది, ఎనభై మూడేళ్లకే అయిపోతాయి. అందుకే ఎప్పుడో ఒకసారి పండగ పదకొండేళ్లకే వచ్చేస్తుంది. హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత 2022 దాకా ఆగకుండా 2021లోనే జరిగింది. ఈ లెక్క చెప్పుకుంటే దశాంశాలంటే విసుక్కునేవాళ్లు కూడా వింటారు, నేను చూశాను.

2016లో పుష్కరాలు ముగిసిన నాలుగో రోజు, ఆగస్టు 27 సాయంత్రం, పడమటి దిక్కున గురుడూ శుక్రుడూ రెండూ ఒకటే చుక్కేమో అన్నంత దగ్గరకొచ్చాయి. పన్నెండు రోజులు గురుడి పేరు చెప్పి మునిగిన జనంలో తలెత్తి చూసినవాళ్లెందరో! శ్రావణమాసపు మబ్బుల మీద కొంత నెపం వేద్దాం.

గుళ్లో మీరు ప్రదక్షిణం చేసే నవగ్రహాలది వేరే లెక్క. అందులో సూర్యచంద్రులున్నారు, భూమి లేదు. రాహుకేతువులంటే సూర్యుడి దారిని చంద్రుడి దారి ఖండించే రెండు చోట్లు. గ్రహణం లెక్క కట్టాలంటే అవి కావాలి, పంచాంగకర్తలు వాటినెలా వదులుకుంటారు? ఉత్త కంటికి తేలిగ్గా దొరికే గ్రహాలు మాత్రం ఐదు. వాటిలో బుధుడు సూర్యుణ్ణి వదిలి దూరం పోడు కాబట్టి మన మేడల మధ్య కనపడటం కష్టం, హంసలదీవి లాంటి చోట సముద్రం మీద తెల్లవారుజామున వెతకాలి. ఆ బుధుడి మీద ఒక పెద్ద గొయ్యికి మన త్యాగరాజు పేరే పెట్టారు.

ఇక ప్లూటో. దానికి అన్యాయం జరిగిందని మీలో కొందరికి బాధ. అలాంటి ఉద్వాసన అంతకు ముందే ఒకటి జరిగింది. 1801 జనవరి 1న ఇటలీలో పియాజీ సీరిస్‌ను కనిపెడితే దాన్ని గ్రహమే అన్నారు. ఆ దాపునే పల్లాస్, జూనో, వెస్టా దొరికితే అవీ గ్రహాలే. 1845 తర్వాత కొత్తవి తామరతంపరగా దొరికాయి. మద్రాసు వేధశాలలో నార్మన్ పాగ్సన్ 1861 ఏప్రిల్లో ఒకటి పట్టుకుని ఏషియా అని పేరు పెట్టాడు, అది 67వది. అప్పుడు బెజవాడ కూడా మద్రాసు రాజధానిలోదే కాబట్టి అది మనింట్లో దొరికిందనుకోవచ్చు. ఈ పాగ్సనే 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి బందరు వచ్చాడు. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. తెల్లదొరలే కాదు, విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల నడిపిన అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు నల్లచుక్కలా సాగిపోవడాన్ని పరిశీలించారు.

సరే, పక్కదారి పట్టాను. పట్టీ అంతంత పెరిగేసరికి సీరిస్‌నీ దాని తోటివాటినీ గ్రహాల్లోంచి తీసేసి గ్రహశకలాలన్నారు. ప్లూటోదీ అదే కథ. 1930లో టాంబా కనిపెట్టాడు, తొమ్మిదోదిగా కుదురుకుంది. 2005లో దాదాపు దానంతే ఉన్న ఎరిస్ బయటపడింది. ఎరిస్‌ను పదోదనాలి, లేదా ప్లూటోను దించాలి. 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఓట్లేసి దించింది. గ్రహం అనిపించుకోవాలంటే సూర్యుడి చుట్టూ తిరగాలి, తన బరువుకు తానే గుండ్రబడాలి, తన దారిలో సాటివాళ్లు లేకుండా చేసుకోవాలి. ఈ మూడోది కుదరని ప్లూటో, ఎరిస్, హౌమియా, మాకీమాకీ మరుగుజ్జు గ్రహాలయ్యాయి. సీరిస్‌కు మాత్రం అది ప్రమోషను. మూడో షరతు నాకు కాస్త బలవంతపు మాటలా అనిపిస్తుంది, కానీ కొత్తది కనపడినప్పుడు పాత పట్టీని తిరగరాసుకున్నందుకు వాళ్లను మెచ్చుకుంటాను.

దూరాలు పుస్తకంలో అంకెలుగా ఉంటే బుర్రకెక్కవు. పటమట సెంటర్లో మీటరు అడ్డకొలత ఉన్న సూర్యుణ్ణి నిలబెట్టి బందరు రోడ్డున కానూరు వైపు నడవండి. నూట ఎనిమిది మీటర్ల దగ్గర శనగగింజంత భూమి. మూడు వందల మీటర్ల దగ్గర గసగసాల గింజకన్నా చిన్న సీరిస్. ఐదు వందల అరవై దగ్గర దబ్బకాయంత గురుడు. కిలోమీటరు దాటగానే బత్తాయంత శని. మూడుంపావు కిలోమీటర్లు పోతేగాని ఉసిరికాయంత నెప్ట్యూన్ రాదు. ఆవగింజంత ప్లూటో అక్కడి నుంచి ఐదు కిలోమీటర్ల పైదాకా అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఎరిస్ ఇప్పుడున్న చోటికి పది కిలోమీటర్లు, కంకిపాడు దారి పట్టాల్సిందే. మధ్యలో అంతా ఖాళీ.

సీరిస్ రోమనుల ధాన్యదేవత. 2015లో డాన్ నౌక అక్కడికి చేరాక, దాని మీది పెద్ద కొండకు అహునా అని నాగా రైతుల కోతల పండగ పేరు పెట్టారు. వరి పండించే గడ్డ మీద పుట్టిన మీరు ముందు దాన్నే పట్టుకోండి. మరుగుజ్జు గ్రహాల్లో మామూలు బైనాక్యులర్స్‌కు అందేది అదొక్కటే. ఏ నక్షత్రాల మధ్య ఉందో ఫోన్లో చూసుకుని, ఆ చుట్టుపక్కల చుక్కలన్నీ కాగితం మీద గీయండి. మూడు నాలుగు రోజులాగి మళ్లీ గీయండి. చోటు మారిన చుక్క సీరిస్. పియాజీ కనిపెట్టింది ఇలాగే. టాంబా కూడా ఇదే చేశాడు, కాకపోతే ఫొటో పలకలతో. ఆటోనగర్ దీపాల వెలుతురు పడని వైపు కూర్చోండి. మేడ తాళం వాచ్‌మన్ దగ్గరుంది, నా పేరు చెప్పి తీసుకోండి.

ఇట్లు,
మీ మాష్టారు