శిశులాలనము: దోబూచులాట



పసిపిల్లలతో నాడుట పనిలేనివారి పని యని కొంద ఱందురు. పనులన్నియు ముగిసిన పిమ్మట నాడుద మనుకొన్నచో నా సమయ మెన్నటికిని రాదు. బిడ్డ మాత్రము పెద్దదగును. కావున వెల యక్కఱలేని యాట యొకదానిని గూర్చి యీ మాసము ముచ్చటించెదము. అది దోబూచి.

పైటచెఱగుతో మొగము కప్పుకొని "అమ్మ ఏదీ?" యని యడిగి, చటుక్కున తొలగించి "ఇదిగో అమ్మ!" యనుటయే యీ యాట. జీన్ పియాజె అను స్విట్జర్లాండు దేశపు పండితుడు తన బిడ్డల యాటలనే శ్రద్ధతో గమనించి, 1937లో నొక గ్రంథము ప్రకటించెను. బొమ్మను గుడ్డక్రింద దాచినచో చిన్నశిశువు దానికై వెదకదనియు, సుమా రెనిమిదవ నెల దాటిన పిమ్మట గుడ్డను లాగి తీసికొననారంభించుననియు నాయన కనుగొనెను. తల్లి చాటైనంతనే బిడ్డ యేడ్చుటయు నించుమించుగ నా దినములలోనే మొదలగును. అమ్మ యెక్కడనో యున్నదని తెలియును. తిరిగి వచ్చునో రాదో తెలియదు.

మా రెండవ పిల్లకు తొమ్మిదవ నెలలో మే మొక పొరపాటు చేసితిమి. పేరంటమునకు పోవలసివచ్చి, చూచిన నేడ్చునను భయమున, దానిని బొమ్మలతో మఱపించి పెరటిగుమ్మమున దొంగచాటుగ వెళ్ళితిమి. తిరిగివచ్చునప్పటికి పిల్ల యేడ్చి యేడ్చి వడిలి, మా యత్తగారి భుజముపై వెక్కుచుండెను. అది మొదలు పది దినములు, మేము వంటయింటికి లేచినను చెఱగు విడువలేదు.

అత్తగారు మమ్ము కోపింపలేదు. "దోబూచి ఆడేటప్పుడు చెంగు తీయకుండా ఉంటావా అమ్మాయీ? చెప్పి వెళ్ళు. ఏడిస్తే ఏడవనీ. వచ్చాక ముందు దాని మొగం చూడు" అనిరి.

నాటినుండి మొదట చెఱగు చాటున, పిదప తలుపు చాటున, ఆ పైని వంటయింటినుండి మాట వినిపించుచు నాడితిమి. నెల తిరుగునప్పటికి పిల్ల చేయి యూపి మమ్ము సాగనంపెను. భాగవత దశమస్కంధమున కృష్ణుడు కనుమఱుగైనంతనే వయసు వచ్చిన గోపికలే చెట్టుచెట్టును నడుగుచు వెదకిరి. పసిబిడ్డ మాట చెప్పనేల!

వయసునుబట్టి యాటను మార్చుకొనవలెను. తొలినెలల శిశువునకు జానెడు దూరమున నున్న మొగమే చక్కగ కానవచ్చును. దగ్గఱగ వంగి పలుకరించిన చాలును. ఎనిమిదవ నెల తరువాత గిలక్కాయను గుడ్డక్రింద సగము దాచి వెదకింపవచ్చును. రెండేండ్లు దాటినచో దాగుడుమూతలు. పిల్లవాడు తన కన్నులు తాను మూసికొని, తన్నెవ్వరును చూడలేదని మురియును. మనమును కానరానట్లే నటించి, మూలమూలలు వెదకవలెను.

బిడ్డ మొగముపై బట్ట కప్పి యుంచరాదు. శిశువును పట్టి గట్టిగ కుదిపినచో మెదడునకే ప్రమాదము. బిడ్డ మొగము త్రిప్పుకొన్నచో "చాలు" ననుచున్నదని గ్రహించి యాట చాలింపవలెను.

అన్నము తినిపించుటకు సెల్‌ఫోను చేతి కిచ్చుట నేడు ప్రతి యింటను చూచుచున్నాము. రెండేండ్లు నిండని శిశువులకు తెర చూపుట తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో హెచ్చరించినది. తెరలోని బొమ్మ యెంత నవ్వినను, మన బిడ్డ నవ్వు చూచి నవ్వదు గదా!

అమ్మలారా, పనికి పోవువా రుందురు, పొలమునకు పోవువా రుందురు. ఎల్లప్పుడును బిడ్డయొద్దనే యుండుట యెవరికిని సాధ్యము కాదు. చెప్పి వెళ్ళుడు. వచ్చినంతనే చెఱగు తొలగించి నవ్వుడు. మన మాటపై బిడ్డకు గుఱి కుదురుట యీ చిన్ని యాటతోనే మొదలగును.